ఫ్రేమ్ స్లైడర్ బోల్టుకు టార్క్ ఎంత? కాగితం మీద 45, అమ్మినాయన 60 అంటుండు

ఓరుగల్లు_రైడర్ (హన్మకొండ)
అందరికి నమస్తే. నా యమహా బండికి ఫ్రేమ్ స్లైడర్లు (బండి పడ్డప్పుడు ఇంజిన్, ఫ్రేమ్ రోడ్డుకు రాసుకోకుంట ఆపే ప్లాస్టిక్ ముద్దలు) తెప్పించిన. ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముందటి బోల్టులు తీసి, వాటి జాగల కిట్‌తోటి వచ్చిన పొడుగు బోల్టులు వెయ్యాలె. 10 ఎంఎం బోల్టు, పిచ్ (మర పళ్ల మధ్య దూరం) 1.25, తల మీద గ్రేడ్, అంటే గట్టిదనం గుర్తు, 10.9 అని ఉన్నది. ప్లాస్టిక్ ముద్ద లోపల అల్యూమినియం స్లీవ్ (బోల్టు దూరే గొట్టం), ఒక వాషర్. గంతే.

కిట్‌ల వచ్చిన కాగితం మీద టార్క్ (బోల్టును ఎంత బలంతోని తిప్పి బిగించాలె అన్న లెక్క) అని రాసి పక్కన 45, దాని కింద చిన్నక్షరాలల్ల 33 అని ఉన్నది. యూనిట్ లేదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "60 పెట్టు తమ్మీ, ఊడిపోకుంట ఉంటది" అన్నడు. మా గల్లీ మెకానిక్ టార్క్ గీర్క్ ఏమొద్దు, చేత్తోని బిగిస్త అంటుండు. మూడు మాటలు మూడు దిక్కులున్నయి. ఉత్త ప్లాస్టిక్ ముక్కైతే అడగకపోదును, ఇంజిన్ మౌంట్ బోల్టు కాబట్టి అడుగుతున్న.

స్లైడర్లెందుకు అంటే, యాసంగి కోతలప్పుడు పరకాల దిక్కు రోడ్డు సగం వడ్లే ఆరబోసి ఉంటయి. బ్రేక్ కొట్టినమంటే ముందు చక్రం మన మాట వినదు.

మానేరు_మైలేజ్ (కరీంనగర్)
భాయ్, సింగిల్ సిలిండర్ బండి, వైబ్రేషన్ మస్తుంటది. 60 పెట్టు, పరేషాన్ ఉండదు. ఇంకో మాట, స్లైడర్ కంటే ఇనుప లెగ్ గార్డు నయం. వడ్ల మీద జారితే కాలు బతుకుతది.

లోకోషెడ్ (కాజీపేట)
ముందు ఆ కాగితం సంగతి తేల్చుదాం. 45, 33 రెండు వేరు వేరు టార్క్‌లు కావు. ఒక ఫుట్-పౌండ్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు. 33ను దాంతోని గుణిస్తే 44.7 వస్తది. అంటే 45 న్యూటన్ మీటర్లు, 33 ఫుట్-పౌండ్లు, ఉన్నది ఒక్కటే. ప్రింటు కొట్టినోడు యూనిట్లు ఎగ్గొట్టిండు.

నీ టార్క్ రెంచి (పెట్టిన అంకెకు బిగువు రాంగనే టక్కుమనే పానా) మీద ఏ స్కేలున్నదో చూసుకో. చానా రెంచిలకు రెండు స్కేళ్లుంటయి, ఒకటి ముందట, ఒకటి వెనుక. ఫుట్-పౌండ్ స్కేలు చూస్తూ 45 పెట్టినవనుకో, అసలు పడేది 61. అమ్మినాయన 60 అన్నది గూడ ఎవరన్న గట్ల పెట్టి "ఏం కాలే" అన్నదే అయి ఉండొచ్చు. అదే 60ని నువ్వు మళ్ల ఫుట్-పౌండ్లల్ల పెడితే 81 అయితది. 10 ఎంఎం బోల్టుకు 81 అంటే ఇగ దండం పెట్టుడే.

పాత మాన్యువల్‌లల్ల కేజీ-మీటర్ గూడ కనబడతది. 4.5 అని ఉంటే 44 న్యూటన్ మీటర్లు. 9.8తోని గుణించుకోవాలె.

హన్మకొండ_గ్యారేజ్
తమ్మీ, మెకానిక్‌లను గట్ల తీసిపారెయ్యకు. రోజూ పానా పట్టుకునే చేతికి బోల్టు ఎక్కడ కూర్చున్నదో తెలుస్తది. స్ప్లెండర్ సంపు బోల్టు, యాక్టివా వేరియేటర్ కవర్ బోల్టు, ఇసొంటియి వేలసార్లు బిగించిన చెయ్యి తప్పదు. టార్క్ రెంచి పట్టుకొని గూడ త్రెడ్ పోగొట్టినోళ్లు నా దగ్గరికే వస్తరు.

స్పానర్_సారు (వరంగల్)
గ్యారేజ్ భాయ్ చెప్పిన దాంట్లో న్యాయం ఉంది, కానీ అది ఇక్కడికి వర్తించదు. చేతికి లెక్క తెలిసేది తెలిసిన బోల్టు దగ్గర. ఇక్కడ బోల్టు పొడుగ్గా ఉంది, మధ్యలో ప్లాస్టిక్, స్లీవ్ ఉన్నాయి. పొడుగు బోల్టు కొంచెం మెలి తిరుగుతుంది, ప్లాస్టిక్ కొంచెం నొక్కుకుంటుంది. రెండూ కలిసి చేతికి ఒక మెత్తదనం తగులుతుంది. ఇంకా కూర్చోలేదేమో అని ఇంకో పావు తిప్పు వేస్తారు. త్రెడ్లు పోయేది అక్కడే.

ఇంకో సంగతి. మనకు కావాల్సింది తిప్పిన బలం కాదు, బోల్టు సాగి లోపలికి లాగే బలం. పత్తి బేలుకు వేసిన పట్టీ చూడండి, బేలు లోపలి నుంచి తంతుంది కాబట్టే పట్టీ నిలుస్తుంది. బోల్టూ అంతే. కొద్దిగా సాగాలి, రెండు వైపులనూ నొక్కి పట్టాలి. మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం దాకా త్రెడ్ల (మరల) మధ్య రాపిడికి పోతుంది, అసలు లాగుడికి మిగిలేది పదో వంతు. ఆ రాపిడి కొంచెం మారినా లాగుడు చాలా మారుతుంది.

లెక్క ఇది: టార్క్‌ను వ్యాసంతోనూ, రాపిడి అంకెతోనూ భాగిస్తే లాగుడు వస్తుంది. పొడి మరలకు ఆ అంకె సుమారు 0.2. 45 న్యూటన్ మీటర్లు, 10 ఎంఎం (0.01 మీటరు) బోల్టు అయితే 22,500 న్యూటన్లు, అంటే దాదాపు 2,300 కిలోల లాగుడు. అదే బోల్టుకు ఆయిల్ పూస్తే అంకె 0.15కు దిగుతుంది. రెంచి అదే 45 దగ్గర టక్కుమంటుంది, లాగుడు మాత్రం 30,000 న్యూటన్లు, మూడు టన్నుల పైన. రెంచి మనకు ఈ తేడా చెప్పదు.

అందుకే మాన్యువల్‌లో ప్రత్యేకంగా ఆయిల్ అని గానీ, లాక్ మందు (లాక్‌టైట్ లాంటి, బోల్టు ఊడకుండా మరకు పూసే జిగురు) అని గానీ రాసి ఉంటే తప్ప, ఇచ్చిన అంకె శుభ్రమైన పొడి మరలకే. యమహా వాళ్లు తమ మాన్యువల్‌లో ఈ మాట అచ్చంగా రాస్తారు కూడా.

ఓరుగల్లు_రైడర్
సారూ, మాన్యువల్ అంటే బండితోని ఇచ్చిన చిన్న పుస్తకమా? దాంట్ల గీ అంకెలేం లేవు.

స్పానర్_సారు
అది ఓనర్ మాన్యువల్. మీకు కావాల్సింది సర్వీస్ మాన్యువల్. మీ మోడల్, మీ సంవత్సరంది. అందులో రెండు చోట్ల అంకెలుంటాయి. ఒకటి జనరల్ పట్టిక. ప్రత్యేకంగా ఏమీ చెప్పని మామూలు బోల్టులకు వాడేది. యమహా జనరల్ పట్టికలో 6 ఎంఎం బోల్టుకు 6, 8 ఎంఎంకు 15, 10 ఎంఎంకు 30, 12 ఎంఎంకు 55 న్యూటన్ మీటర్లు ఉంటాయి. హోండా వాళ్ల పట్టిక వేరు, 6కు 10, 8కి 22, 10కి 34. ఒకే సైజు బోల్టుకు రెండు కంపెనీల అంకెలు ఎంత తేడాగా ఉన్నాయో చూడండి.

రెండోది ఛాసిస్ గానీ ఇంజిన్ గానీ బిగింపు పట్టిక. అందులో ఇంజిన్ మౌంటింగ్ బోల్టు అని విడిగా ఒక వరస ఉంటుంది. మీకు ఆ వరస కావాలి, జనరల్ పట్టిక కాదు. 10 ఎంఎం కదా అని 30 పెట్టేస్తే మౌంట్ వదులుగా ఉండిపోవచ్చు.

జగిత్యాల_390
మరి కిట్ కాగితమొక అంకె, మాన్యువల్ ఒక అంకె చెప్తే ఎవరి మాట వినాలె?

స్పానర్_సారు
మాన్యువల్ మాట. కారణం చెప్తాను. స్లైడర్‌కు టార్క్ అంటూ విడిగా ఏమీ లేదు. అక్కడ బిగుస్తున్నది ఇంజిన్. ఫ్రేమ్‌లోనో ఇంజిన్ కేసులోనో ఉన్న మర మారలేదు, ఇంజిన్ బరువు మారలేదు. కొత్త బోల్టు అదే వ్యాసం, అదే పిచ్, పాతదానికి తగ్గని గ్రేడ్ అయితే కంపెనీ ఆ మౌంట్‌కు ఇచ్చిన అంకే పెట్టాలి. కిట్ అంకె దానికి అటూ ఇటూ దగ్గరగా ఉంటే చింత లేదు. కిట్ వాళ్లు చాలా తక్కువ చెప్పారంటే వాళ్ల బోల్టో స్లీవో కంపెనీ అంకెను తట్టుకోదని వాళ్లే ఒప్పుకున్నట్టు. అలాంటి కిట్ ఇంజిన్ మౌంట్ దగ్గర వాడకూడదు. చాలా ఎక్కువ చెప్పారంటే మర గురించి వాళ్లు ఆలోచించలేదని అర్థం.

గని_ఫిట్టర్ (గోదావరిఖని)
టార్క్ తర్వాత సంగతి. తమ్మీ, బిగించే ముందు మూడు చూడు.

మొదలు స్లీవ్. బోల్టు తల కింద ఉన్న వాషర్ ప్లాస్టిక్ మీద కూర్చుంటుందా, లోపల స్లీవ్ అంచు మీద కూర్చుంటుందా? లోహం లోహం మీదనే కూర్చోవాలె. ప్లాస్టిక్ మీద కూర్చుంటే నువ్వు 45 పెట్టినా, 50 పెట్టినా నిలవదు. ప్లాస్టిక్ రెండు టన్నుల కింద మెల్లగ జరుగుతది. దానికి ఇంజిన్ వేడి తోడైతది. రేపటికి బోల్టు చేతికి తిరుగుతది. మా దగ్గర కన్వేయర్ రోలర్ల కాడ నైలాన్ ముక్కలతోని ఇదే గోస.

రెండోది, బోల్టు ఎన్ని మరలు పడుతుందో. ఉక్కు నట్టు అయితే బోల్టు వ్యాసమంత లోపలికి పోతే సరిపోతది. అల్యూమినియంల మర అయితే ఒకటిన్నర రెట్లన్న కావాలె. నీ 10 ఎంఎంకు 15 ఎంఎం. స్లీవ్ మందం బోల్టు పొడుగును తింటది, అందుకని పాత బోల్టు ఎంత లోపలికి పోయిందో కొలిచి కొత్తది గూడ అంత పోతుందో లేదో చూడు.

మూడోది దీనికి ఉల్టా. రంధ్రం అటువైపు మూసి ఉండి బోల్టు ఎక్కువ పొడుగైతే కొస పోయి అడుగుకు తగులుతది. రెంచి టక్కుమంటది, నువ్వు సంబరపడతవ్. ముద్దను చేత్తోని పట్టి తిప్పితే గిరగిర తిరుగుతది. ముందుగాల స్లైడర్ లేకుంట ఉత్త బోల్టును చేత్తోని చివరిదాక తిప్పి చూడు, ఎంత దూరం పోతుందో కొలువు.

హన్మకొండ_గ్యారేజ్
ఫిట్టరన్న మాట నిజం. నా దగ్గరికొచ్చే వదులు స్లైడర్లు ఎక్కువ స్లీవ్ తక్కువ ఉండబట్టే వస్తయి. టార్క్ తప్పి వచ్చేటియి తక్కువ.

ఓరుగల్లు_రైడర్
వెర్నియర్ తోకతోని కొలిచిన. రెండు ముద్దలకు ఇంజిన్ వైపు ముఖం సాఫ్ ఉన్నది, స్లీవ్ ప్లాస్టిక్ కంటే కొద్దిగ బయటికే ఉన్నది. బోల్టు తల కూర్చునే గుంట దగ్గర మాత్రం తేడా వచ్చింది. కుడి వైపుదానికి స్లీవ్ 0.2 ఎంఎం పైకే ఉన్నది. ఎడమదానికి 0.8 ఎంఎం కిందికున్నది. వాషర్ పెట్టి లైటు ఏసి చూస్తే వాషర్ చుట్టూత ప్లాస్టిక్‌కు ఆని ఉన్నది, మధ్యల సందు సాఫ్‌గ కనబడుతుంది. ఒక్క కిట్‌లనే గిట్ల.

మరలు మాత్రం సరిపోయినయి. పాత బోల్టు పోయినంత పోతుంది, అడుగుకు తగుల్తలేదు.

అమ్మినాయనకు ఫొటో పంపిన. "బిగిస్తే అదే కూర్చుంటది" అన్నడు.

గని_ఫిట్టర్
అదే కూర్చునుడు కాదు, ప్లాస్టిక్ నలుగుడు.

మానేరు_మైలేజ్
సన్న వాషర్ ఇంకోటి వేస్తే సందు నిండుతది కదా?

హన్మకొండ_గ్యారేజ్
స్లీవ్ మందమంత ఉండే చిన్న వాషర్ లోపలి రంధ్రంల పడితే ఒప్పుకుంట. బజార్ల దొరికే వాషర్ మెత్తగుంటది, నలుగుతది. మంచి పని, ముద్దను లేత్ మీద పెట్టి గుంట అడుగు ప్లాస్టిక్ ఒక ఎంఎం తియ్యాలె. స్లీవ్ జరంత పైకొస్తది. ఆటోనగర్‌ల ఏ లేత్ కాడికి పోయినా చాయ్ తాగే లోపల అయిపోతది. చాకుతోని చెక్కకు, వంకర పోతది, వాషర్ ఒక పక్కకే ఆనుతది.

లేత్ మీద స్లీవ్‌ను గీకించకు. అది పొట్టిగైతే మళ్ల మొదటికొస్తది. ప్లాస్టిక్ మాత్రమే తియ్యమను.

జగిత్యాల_390
నా డౌట్ గూడ చెప్పుండ్రి. నా స్లైడర్ బోల్టులు తుప్పు పట్టినయి. స్టెయిన్‌లెస్ ఆలెన్ బోల్టులు హార్డ్‌వేర్ షాపుల ఉన్నయి, మెరుస్తయి, అవే వేస్తే ఏం? తల మీద ఏ2-70 అని ఉన్నది. 10.9 కంటే 70 పెద్దదే కదా.

స్పానర్_సారు
అది వేరే కొలమానం తమ్ముడూ. 10.9లో మొదటి అంకె 10 అంటే 1,000 మెగాపాస్కల్ (చదరపు ఎంఎంకు 1,000 న్యూటన్లు) దాకా తెగదు, రెండోది 9 అంటే అందులో 90 శాతం దాకా, అంటే 900 వరకు సాగి అలాగే ఉండిపోదు. 8.8 అంటే 800, 640. ఏ2-70 అంటే తెగేది 700 దగ్గర, కానీ శాశ్వతంగా సాగడం మొదలయ్యేది 450 దగ్గరే.

పైన వేసిన లెక్క మళ్లీ చూడండి. 10 ఎంఎం, 1.25 పిచ్ బోల్టు మరల దగ్గర అసలు కోత వైశాల్యం 61 చదరపు ఎంఎం. ఆయిల్ పడ్డ మర మీద 45 పెడితే 30,000 న్యూటన్లు, అంటే సుమారు 490 మెగాపాస్కల్. 10.9 బోల్టుకు అది సగం పని. 8.8కూ సరిపోతుంది. మీ మెరిసే బోల్టు మాత్రం సాగిపోయి మళ్లీ వెనక్కి రాదు. పైగా స్టెయిన్‌లెస్ మర మీద మర రాసుకుని పట్టేసుకునే గుణం ఒకటి ఉంది, పట్టిందంటే విప్పేటప్పుడు విరుగుతుంది. ఫెయిరింగ్‌కు (బండి పై ప్లాస్టిక్ తొడుగుకు) వాడుకోండి, ఇంజిన్ మౌంట్‌కు వద్దు.

జగిత్యాల_390
మరి 12.9 వేస్తే? గట్టిది కదా.

గని_ఫిట్టర్
గట్టిదైతే వంగదు. స్లైడర్ రోడ్డుకు తగిలినప్పుడు ఆ దెబ్బ ఎక్కడికో పోవాలె. బోల్టు వంగితే బోల్టు ఖర్చు. బోల్టు వంగకుంటే ఇంజిన్ కేసు చెవి పగుల్తది, అప్పుడు నీ జేబు పగుల్తది. కిట్ వాళ్లు ఏ గ్రేడ్ ఇచ్చిన్రో అదే గ్రేడ్ వెయ్యి. 12.9కు జింక్ పూత పూస్తే పెళుసెక్కే భయం గూడ ఉంటది, వాన నీళ్లల్ల తిరిగే బండికి అదొక తలనొప్పి.

బొగత_బుల్లెట్ (ములుగు)
మా దోస్తు బండి సంగతి. షాపుల ఇంపాక్ట్ గన్‌తోని గర్ర్ మనిపించిన్రు. నెల తిరగకముందే మౌంట్ త్రెడ్ మొత్తం బోల్టుకు చుట్టుకొని బయటికొచ్చింది, అల్యూమినియం తీగ లెక్క. హెలికాయిల్ (పోయిన మర జాగల కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించుకున్నడు. గన్ను మాత్రం ఇంజిన్ మౌంట్ దగ్గర పెట్టనియ్యొద్దు.

లోకోషెడ్
ఇగ రెంచి ముచ్చట. ఓరుగల్లు తమ్మీ, నీ రెంచి అరంగుళం డ్రైవ్‌దే (సాకెట్ తగిలే చతురం అర అంగుళం) అయి ఉంటది, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాక. ఇసొంటి రెంచిలు తమ పై హద్దుల ఐదో వంతు కింద అంత నమ్మకంగ ఉండయి. 210ల ఐదో వంతు 42. నీ 45 అంచు మీదున్నది, నడుస్తది. కని అదే రెంచితోని 15 పెట్టే బోల్టులు బిగించకు. వాటికి మూడెనిమిదుల (3/8 అంగుళం) డ్రైవ్ రెంచి ఎవరినన్న అడుగు.

నమ్మకం లేకుంటే ఇంట్ల చూసుకోవచ్చు. రెంచి డ్రైవ్ చతురాన్ని బెంచి వైస్‌ల గట్టిగ పట్టించు, రెంచి అడ్డంగ సమంగ ఉండాలె. డ్రైవ్ మధ్య నుంచి పిడి మధ్య దాక 45 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ కిరాణం కొట్టు 10 కిలోల తూకం రాయి తాడుతోని వేలాడదియ్యి. 10 కిలోలు, 0.45 మీటర్లు, 9.81 గుణిస్తే 44 న్యూటన్ మీటర్లు. రెంచి మీద 44 పెట్టి రాయిని మెల్లగ వదులు. టక్కుమనాలె. 50 పెట్టినప్పుడు అనొద్దు. రెంచి సొంత బరువు గూడ జర కలుస్తది, కాబట్టి ఒకటి రెండు అటు ఇటు వస్తే గాబరా పడకు.

పనయ్యాక స్ప్రింగు వదులు చేసి కింది అంకెకు తెచ్చి పెట్టు. దాంతోని పాత బోల్టులు విప్పకు. టక్కుమన్నంక "ఇంకోసారి" అని రెండోసారి నొక్కుడు బంద్ చెయ్యి, ఆ రెండో నొక్కుడుతోని బిగింపు ఎక్కువైతది.

ఓరుగల్లు_రైడర్
మా బండి ముందట పైపులు అడ్డమొస్తున్నయి అన్నా, సాకెట్ నేరుగ పట్టదు. ఎక్స్‌టెన్షన్ రాడ్ పెడితే అంకె మారుతదా?

లోకోషెడ్
సాకెట్‌కు, రెంచికి మధ్యల పెట్టే నిలువు రాడ్ అయితే మారదు. రెంచి కొసకు ముందట అదనంగ చెయ్యి లెక్క తగిలించే కాకి కాలు పానా అయితే మారుతది, ఎందుకంటే చెయ్యి పొడుగైతది. అది తప్పదంటే రెంచికి అడ్డంగ, 90 డిగ్రీలల్ల పెట్టు, అప్పుడు లెక్క చెడదు.

మానేరు_మైలేజ్
లాక్‌టైట్ పెట్టి 60 ఏస్తే జన్మల ఊడదు అంటున్న నేను, మీరేమో గింత లెక్కలేస్తున్రు 😄

స్పానర్_సారు
ఊడదు, విప్పనూ రాదు. లాక్‌టైట్ ద్రవంగా ఉన్నంతసేపు ఆయిల్ లాగానే మరను జారుడు చేస్తుంది. కాబట్టి మందు పెట్టి 60 అంటే పొడి మీద 60 కంటే ఎక్కువే లాగుతుంది. మాన్యువల్‌లో ఆ బోల్టుకు లాక్ మందు గుర్తు ఉంటే అంకె దాన్ని లెక్కలో పెట్టుకునే ఇచ్చారు, అలాగే చేయండి. గుర్తు లేకపోతే పొడిగానే బిగించండి. పెట్టాల్సి వస్తే నీలం రంగు 243 చాలు. ఎరుపు 271 పెడితే విప్పడానికి 250 డిగ్రీల దాకా కాల్చాలి. పక్కనే ప్లాస్టిక్ ముద్ద, వైరింగ్ ఉండగా ఎవరు కాలుస్తారు?

హన్మకొండ_గ్యారేజ్
సారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. స్లైడర్ బోల్టుకు నీలం మందు ఒక చుక్క పెట్టుడు తప్పు కాదు. మన రోడ్లు మీరు చూస్తలేరా? ములుగు దాటినంక కంకర లారీలు తిరిగిన చోట బండి మొత్తం దడదడలాడుతది.

స్పానర్_సారు
దడదడకు బోల్టు వదులయ్యేది లాగుడు తక్కువైనప్పుడే భాయ్. సరైన లాగుడు ఉన్న బోల్టు దడదడకు ఊడదు. స్లీవ్ సరిచేస్తే సగం భయం పోతుంది.

హన్మకొండ_గ్యారేజ్
మీ లెక్క మీది, నా చుక్క నాది.

గని_ఫిట్టర్
ఇద్దరి మాటల ఒకటి మర్చిపోతున్రు. మందు పెడితే 24 గంటలు ఆరనియ్యాలె. ఆరినంక "ఒకసారి చూద్దాం" అని రెంచి పెట్టి తిప్పినవంటే పట్టిన మందు పగుల్తది, ఇగ అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. మందు పెట్టినోడు గీత చూసుడే. పొడిగ బిగించినోడు వంద కిలోమీటర్లు తిరిగినంక ఇంజిన్ చల్లగున్నప్పుడు ఒకసారి రెంచి పెట్టి చూడొచ్చు.

గీత అంటే, బోల్టు తల మీద నుంచి వాషర్ దాక, వీలైతే ప్లాస్టిక్ దాక ఒక్క గీత గియ్యాలె. ఇంట్ల ఆడోళ్ల గోళ్ల రంగు అడుగు, ఎరుపు అయితే మంచిగ కనబడతది. గీత తెగి పక్కకు జరిగిందంటే బోల్టు తిరిగినట్టు.

ఇంకోటి, ఎవరూ చెప్పలే. రెండు వైపుల బోల్టులు ఒక్కసారే తియ్యకు. ఇంజిన్ కింద సంపుకు చెక్క ముక్క పెట్టి జాకీ తగిలించు, బరువు మోసేంత మాత్రమే, ఎత్తేంత కాదు. ఒక వైపు తీసి కొత్తది వేసి చేత్తోని మర ఎక్కించు. చేతికి మూడు నాలుగు చుట్లు సాఫ్‌గ రాకుంటే ఇంజిన్ జరిగిందని అర్థం. జాకీని ఒక పిసరు పైకో కిందికో అను, పానాతోని గుంజి ఎక్కించకు. సగం టార్క్ పెట్టు, తర్వాత రెండో వైపు, ఆఖరికి రెండింటికీ పూర్తి టార్క్.

ఓరుగల్లు_రైడర్
అయిపోయింది అన్నా. పోయిన ఆదివారం చేసిన. ఆటోనగర్‌ల లేత్ ఆయన ఎడమ ముద్ద గుంటల ప్లాస్టిక్ ఒక ఎంఎం తీసిండు, స్లీవ్ ఇప్పుడు 0.2 పైకున్నది, కుడిదాని లెక్కనే. మర ఎయిర్ కొట్టించి, పాత గ్రీసు తుడిచి పొడిగ వేసిన. సర్వీస్ మాన్యువల్ దొరికింది, ఇంజిన్ మౌంట్ వరసల అంకె కిట్ అంకెకు దగ్గర్నే ఉన్నది, మాన్యువల్‌దే పెట్టిన. ఎడమ బోల్టుకు మర చేత్తోని ఎక్కలే మొదట, జాకీ జరంత పైకంటే పోయింది.

తర్వాత వంద దాటినంక రెంచి పెట్టి చూసిన, రెండూ కదల్లే. గీతలు గూడ సక్కగనే ఉన్నయి.

జగిత్యాల_390
అన్నా, ఇంతసేపు చదివిపిచ్చి ఆ మాన్యువల్ అంకె చెప్పకపోతే ఎట్ల?

ఓరుగల్లు_రైడర్
కావాలనే రాస్తలేను. రేపు ఎవడో వెతికి నా అంకె పట్టుకొనిపోయి 8 ఎంఎం బోల్టుకు పెడితే?

మోడరేటర్
మంచి పని చేసినవ్. ఇక్కడ ఉత్త అంకె పెట్టే పోస్టులు తీసేస్తున్నం. బండి మోడల్, సంవత్సరం, బోల్టు వ్యాసం, పిచ్, గ్రేడ్, మర ఉక్కుదా అల్యూమినియందా, పొడిదా మందుదా, ఇవన్ని రాస్తేనే అంకె రాయాలె.

బొగత_బుల్లెట్
కొత్త థ్రెడ్ పెట్టే ఓపిక లేక ఇక్కడనే అడుగుతున్న. నా బండి రేడియేటర్ గార్డ్ బోల్టులు 6 ఎంఎం, హోండా బండి. సారు చెప్పిన పట్టిక చూసి 10 పెట్టుకుంటె సరేనా?

స్పానర్_సారు
ఆ బోల్టుకు మాన్యువల్‌లో విడిగా వరస లేకపోతే, మర లోహందైతే సరే. చాలా గార్డులు ప్లాస్టిక్ ట్యాంకు చెవులకో, రబ్బరు బుష్‌లకో బిగుస్తాయి. అక్కడైతే స్లీవ్ తగిలేదాకా బిగించి ఆపండి. మీ రెంచి ఏ సైజు?

బొగత_బుల్లెట్
అరంగుళంది సారూ, 28 నుంచి మొదలు.

లోకోషెడ్
దాంతోని 10 ఎట్ల పెడతవ్ తమ్మీ. కాజీపేట దిక్కు వచ్చినప్పుడు చెప్పు, నా దగ్గర చిన్నది ఉన్నది, తీస్కపో.